మొదలు కిందికి పాతిన వంతెన

మునియ్య చేతిపనికి ఫిజీ దీవుల్లో లౌటోకా చుట్టుపక్కల కూలీ లైన్లలో వంక పెట్టినవాళ్లు లేరు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. లేకపోతే వంతెన కూలిందని వినగానే, "ఓహో, పని చేతగానివాడన్నమాట" అని తేల్చేస్తారు. చేతగానివాడైతే ఈ కథే లేదు. అతనికి పని వచ్చు. ఇంకొకరు చెబితే వినాల్సిన అవసరం తనకు లేదని కూడా అతని నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాడితో వేగడం ఎంత కష్టమో వడ్రంగిని పెట్టి ఇల్లు కట్టించుకున్న ప్రతివాడికీ తెలుసు.

ఊరు నెల్లూరు వైపు. తాతల నాటి నుంచీ నాగళ్లూ, బండి చక్రాలూ, పూరిళ్లకు నిట్రాళ్లూ చేసిన వంశం. కరువు వచ్చింది, నాగలి చేయించుకునేవాడు లేకుండా పోయాడు. చెన్నపట్నం రేవులో ఎవడో ఐదేళ్ల కూలి ఒప్పందం, గిర్మిట్ అనే కాగితం మీద వేలిముద్ర వేయించి ఓడ ఎక్కించాడు. ఫిజీ అంటే రంగూన్‌కి కాస్త అవతల ఉంటుందనుకున్నాడు పాపం. ఓడ కదిలిన రెండో వారానికి గానీ ఆ 'కాస్త' ఎంతో తెలిసిరాలేదు.

ఆ ఓడలోనే ద్రౌపది అనే చిత్తూరు పిల్ల ఉంది. తోడు ఎవరూ లేరు. జ్వరం వచ్చి పడిపోతే మునియ్య తన వంతు గంజి ఆమెకు తాగించాడు. ఆమెది ఏ కులమని అతను అడగలేదు. అడిగి ఏం చేస్తాడు, అందరికీ ఒకే బానలో గంజి. లేచి కూర్చున్న రోజున ఆమె అతన్ని "అన్నా" అంది. ఒకే ఓడలో, అంటే జహాజులో, వచ్చినవాళ్లను ఫిజీలో జహాజీలంటారు. తోడబుట్టినవాళ్లు కొట్టుకుని చచ్చినా జహాజీలు మాత్రం ఒకరినొకరు వదలరని అక్కడ పేరు. మునియ్యకు ఆ సముద్రానికి ఇవతల ఉన్న బంధువు ఆమె ఒక్కతే.

ఇద్దరూ ఒకే చెరకు తోటలో పడ్డారు. మొదటి నెలల్లో మునియ్య కూడా అందరిలాగే చెరకు కొట్టాడు, అందరిలాగే కులంబర్ చేత తన్నులు తిన్నాడు. కులంబర్ అంటే తెల్ల ఓవర్సీర్, కూలీల పాలిట యముడు. ఒకరోజు పట్టాల మీద చెరకు మోసే ట్రక్కు ఇరుసు విరిగితే మునియ్య అక్కడికక్కడే కొత్తది చెక్కి పెట్టాడు. ఆనాటి నుంచి అతని చేతికి కత్తి పోయి బాడిస వచ్చింది. కూలీ మునియ్య కాస్తా మిస్త్రీ అయ్యాడు. ఒంటి మీద దెబ్బ పడడం ఆగిపోయింది. ఆ హోదా పోతే మళ్లీ చెరకులోకే పోవాలన్న భయం మాత్రం రోజూ అతనితో పాటే నిద్ర లేచేది.

ద్రౌపదిని రామ్ చంద్ర అనే సర్దార్ పెళ్లి చేసుకున్నాడు. ఉత్తరాదివాడు, బస్తీ జిల్లా. కూలీల ముఠా మీద పెద్దగా ఉండి కూడా ఎవరి మీదా చెయ్యి చేసుకోని సర్దార్ ఆ చుట్టుపక్కల అతనొక్కడే. పెళ్లిలో మునియ్యే అన్న స్థానంలో కూర్చుని పెళ్లికొడుకు కాళ్లు కడిగాడు. ద్రౌపది దగ్గర నేర్చుకున్న తెలుగులో రామ్ చంద్రకు అన్నిటికంటే ఇష్టమైన మాట 'బావ'. పొలంలో, లైన్లో, కులంబర్ ముందు కూడా "ఏం బావా" అని గొంతెత్తి పిలిచేవాడు. మునియ్య ముఖం చిట్లించేవాడు గానీ, పిలవని రోజున వెలితిగా ఉండేది.

తోటకు నటబువా అనే ఊరి దిక్కున ఒక వాగు ఉంది. ఎండాకాలం మోకాలి లోతు, వానాకాలం ఏనుగును ఎత్తి పడేస్తుంది. దాని అవతల కొత్తగా చెరకు వేశారు. ఆ చెరకు మిల్లుకు రావాలంటే పట్టాల దారి వాగు దాటాలి. ఇంజనీరు దొర ఎవరో పటం గీసి పంపాడు. కర్రలు పడవ మీద వచ్చాయి. వాటితో పాటు ఒక గోనె నిండా మొనదేలిన ఇనుప పొన్నులు వచ్చాయి, రోకలికి తొడిగే పొన్నులాంటివే గానీ కింద సూదిగా ఉన్నాయి. ఆ గోనెను రేవు నుంచి వాగు దాకా భుజాన వేసుకుని మోసినవాడు రామ్ చంద్ర.

కులంబర్ మునియ్యను పిలిచి, వచ్చీరాని హిందూస్తానీలో పని చెప్పాడు. కర్రతో ఇసుకలో గీసి చూపించాడు. గుంజ సన్నని కొన కిందికి రావాలి, ఆ కొనకు ఇనుప పొన్ను తొడగాలి. "పత్‌లా నీచే, సమ్‌ఝా?" అన్నాడు. మునియ్య తలూపాడు. ఎందుకని అడిగే అలవాటు ఆ తోటలో ఎవరికీ లేదు, అడిగితే చెప్పే అలవాటు కులంబర్‌కూ లేదు. చెప్పి, గుర్రమెక్కి వేరే తోటకు వెళ్లిపోయాడు. గుంజలు ఎంత లోతు దిగాయో దగ్గరుండి చూడాల్సినవాడు అతనే. పని అయ్యేదాకా మళ్లీ కనిపిస్తే ఒట్టు.

మునియ్యకు మనసు ఒప్పలేదు. చెట్టు భూమిలో ఎలా పెరిగిందో గుంజగా కూడా అలాగే నిలవాలి. మొదలు కిందికి, కొన పైకి. తాత చెప్పింది అదే, తండ్రి చెప్పింది అదే. తలకిందులుగా పాతిన నిట్రాడ ఉన్న ఇంట్లో పీనుగ లేస్తుందని నెల్లూరులో పసిపిల్లలకు కూడా తెలుసు. దొరకేం తెలుసు చెట్టు సంగతి? అతను చూసేది కాగితం. అలా అనుకుంటూ గుంజల పక్కన కూర్చుని ఉండగా ద్రౌపది వచ్చింది, చిన్న డబ్బాలో పసుపూ కుంకుమా పట్టుకుని.

"మొదటి గుంజకి బొట్టు పెడతానన్నా. అవతల కలుపు పని మా ముఠాదేనంట. దినామూ దీని మిందనే పోవాల."

"పెట్టమ్మా."

"నీళ్లంటే నాకు బయమన్నా, నీకు తెలుసు కదా. మా నాయన నిట్రాడ పాతేటప్పుడు మొదలేదో కొనేదో నాలుగు తూర్లు చూసుకునేవోడు. నువ్వు కూడా అట్ట చూసి పాతు."

"నీ ఇంటి నిట్రాడ పాతినట్టే పాతతాలే," అన్నాడు మునియ్య.

అంతే, తేలిపోయింది. ఆ పిల్ల రోజూ నడిచే వంతెనను తలకిందుల గుంజల మీద నిలబెట్టడానికి అతనికి చేతులు రాలేదు. గుంజలన్నీ మొదలు కిందికి తిప్పించాడు. ఇనుప పొన్నులు లావు మొదళ్లకు పట్టలేదు. మొదలును చెక్కి సన్నం చేద్దామంటే అది చెట్టు కాళ్లు నరికినట్టు. గోనెను ఎత్తి తన కొట్టులో పొట్టు కింద దాచాడు. "అవి దేనికి బావా?" అని రామ్ చంద్ర అడిగితే, "వేరే పనికి" అన్నాడు. కులంబర్ ఏం చెప్పాడో మునియ్యకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు.

గుంజ నిలబెట్టి, కప్పీ మీదుగా మోకు లాగి, ఇనుప దిమ్మెను పైకెత్తి వదలాలి. మోకు ముఠాకు రామ్ చంద్ర పెద్ద. "జోర్ లగాకే" అని అతనంటే, "హైస్సా" అని అందరూ గుంజేవారు. మొదటి గుంజ కొంత దిగింది, ఆగింది. ఎంత కొట్టినా వేలెడు కూడా కదలడం లేదు. పైన సన్నని కొన చిట్లడం మొదలైంది.

"ఇంకా కొట్టాలా బావా?" అని అడిగాడు రామ్ చంద్ర.

మునియ్య వాగు వైపు చూశాడు. కిందటి రోజే ఒక ఫిజీ ముసలాయన అక్కడ తెప్ప నడుపుతూ గడ వేస్తే అది సగానికి పైగా బురదలోకి దిగిపోయింది. తిరిగి లాక్కోవడానికి ఆయన నవ్వుతూ నానా అవస్థా పడ్డాడు. అక్కడ బండ లేదని మునియ్యకు తెలుసు. మొద్దు మొదలు బురదను నెట్టుకుని దిగలేకపోతోందన్న ఆలోచన కూడా ఒక్క క్షణం తట్టింది. తట్టినదాన్ని తోసేశాడు. కొన కిందికి తిప్పుదామంటే తాతలు తప్పనాలి, కులంబర్ ఒప్పనాలి, చేసిన పనంతా విప్పాలి.

"కింద బండ తగిలింది. చాలు," అన్నాడు.

"బస్," అని ముఠాకు చెప్పాడు రామ్ చంద్ర. బావ చాలన్నాక అతనికి ఇంకో మాట లేదు. మిగతా గుంజలన్నీ అలాగే ఆగాయి, అలాగే "చాలు" అనిపించుకున్నాయి. పొడుగు మిగిలిన కొనలు కోసేసి పైన దూలాలు వేశారు. పలకలు పరిచి పట్టాలు బిగించాక ఏ కొన ఎటుందో పోల్చడానికి ఎవరికీ ఏమీ కనిపించలేదు. ఇంజను మొదటిసారి దాటిన రోజున కులంబర్ వచ్చి గుర్రం మీద నుంచే చూసి, "గుడ్" అన్నాడు. మునియ్య ఛాతీ రెండింతలైంది.

వానలు మొదలయ్యాయి. వాగు ఒడ్డులు దాటి పొంగింది. నీరు కాస్త తగ్గిన పొద్దున చూస్తే వంతెన నడుమ పట్టాలు కొంచెం కుంగినట్టున్నాయి. రామ్ చంద్ర అది చూపించి, ఇవాళ జనాన్ని నడిపించి దాటిద్దామన్నాడు. కలుపు ఆలస్యమవుతోందని కులంబర్ తిట్టాడు. ఖాళీ ట్రక్కుల్లో మనుషుల్ని ఎక్కించమన్నాడు. మునియ్య ఒడ్డున పలక చెక్కుతున్నాడు. అతన్నీ అడిగాడు కులంబర్, "మిస్త్రీ, ఠీక్ హై?" అని. ద్రౌపది ట్రక్కు అంచు పట్టుకుని అన్న వైపే చూస్తోంది.

"ఠీక్ హై," అన్నాడు మునియ్య.

ఏం మాయరోగం ఆ నోటికి? ఒక్క 'నహీ' అని ఉంటే మహా అయితే ఒక పూట తిట్లు.

ఇంజను దాటింది. దాని వెనక మొదటి ట్రక్కూ దాటింది. నడిమి గుంజ పక్కకు ఒరిగింది. దాన్ని పట్టుకుని ఉన్న దూలం జారింది. ట్రక్కులు ఒకదాని మీద ఒకటి వాగులో పడ్డాయి. కూలిన చప్పుడు కంటే దాని తర్వాత వచ్చిన కేకలే అందరికీ గుర్తున్నాయి. మగవాళ్లు ఉన్నపళంగా దూకారు. మునియ్య కూడా దూకాడు. ఈత వచ్చినవాడు, అడుగు వెనక్కి వేయలేదు.

అయితే నీళ్లలో అతని చేతికి ముందుగా తగిలింది మనిషి కాదు, గుంజ. కూకటివేళ్లతో లేచొచ్చినట్టు తేలుతూ వచ్చింది. లావు మొదలు పైకి కనిపిస్తోంది. బురద అంటిన మేర, మహా అయితే చెయ్యి పొడవు. అంతకు మించి అది భూమిలోకి దిగనే లేదు. చూసినవాడెవడికైనా వంతెన ఎందుకు కూలిందో ఆ బురద గుర్తే చెప్పేస్తుంది. మునియ్య రెండు చేతులా ఆ గుంజను ప్రవాహంలోకి నెట్టాడు. అది తిరిగి వస్తే మళ్లీ నెట్టాడు. అది పోయాక చెల్లెలి కోసం వెతికాడు.

ద్రౌపది దూలం కింద దొరికింది. రామ్ చంద్రే బయటికి తెచ్చాడు. గుంజ దగ్గర ఆగకుండా మునియ్య ముందే వెళ్లి ఉంటే ఆమె బతికేదా? బతికేది కాదనే అందరూ అన్నారు, తలకు దెబ్బ తగిలింది కాబట్టి. గుంజ సంగతి వాళ్లకు తెలియదు. మునియ్యకు తెలుసు. బతికేది కాదని వాళ్లు అన్నప్పుడల్లా అతను తల దించుకునేవాడు. దుఃఖమనుకుని వాళ్లు భుజం తట్టేవారు. ఆ తట్టడం అతనికి తేలు కుట్టినట్టుండేది. తేలు కుట్టిన దొంగ అరవగలడా మరి?

మనిషి చచ్చింది కాబట్టి విచారణ పెట్టారు. మేజిస్ట్రేటు, దుబాసీ, బల్లలు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నిజంగా పంచితే అక్కడ ప్రతివాడికీ ఒక పిడికెడు వచ్చేది. ఇంజనీరు ఆ వాగును చూడనే లేదు. ఇంకెక్కడి సన్నపాటి ఏటికో గీసిన పటాన్నే పంపాడు, గుంజకీ గుంజకీ ఎడం మరీ ఎక్కువ. గుంజలను ఒకదానికొకటి పట్టి ఉంచాల్సిన ఏటవాలు కర్రలు పటంలో ఉన్నాయి గానీ వంతెనకు లేవు, కులంబర్ గుర్రపుసాలకు వెళ్లాయి. లోతు చూడాల్సిన కులంబర్ చూడలేదు. కుంగిన పట్టాల మీద జనాన్ని పంపింది కూడా అతనే. కానీ పంచడానికి ఎవరు కూర్చున్నారు? పటం సరిగ్గానే ఉందని ఇంజనీరు కాగితం పంపాడు. తను చెప్పినంత లోతు దించలేదని కులంబర్ అన్నాడు. మిగిలిన ఒకటి రెండు గుంజలు పీకకుండా పైనుంచే కొలిచి, తక్కువ దిగాయని తేల్చారు. దిమ్మె కొట్టించింది సర్దార్. రోజుకింతని కొలిచి ఇచ్చే పని, టాస్క్, త్వరగా ముగించడానికి మధ్యలో ఆపించాడన్నారు. పాపమంతా తెచ్చి రామ్ చంద్ర నెత్తిన పోశారు.

"ఎందుకు ఆపావు?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

బావ చాలన్నాడు కాబట్టి ఆపాను. అంతే కదా చెప్పాల్సింది. రామ్ చంద్ర అతని వైపు ఒకసారి చూశాడు. చనిపోయిన పెళ్లాం అన్న. కాళ్లు కడిగినవాడు.

"బండ తగిలిందనుకున్నా, సాబ్. నేనే ఆపినా. ఇంకా కొట్టుండాల్సింది," అన్నాడు.

తర్వాత మునియ్యను పిలిచారు. ఇంకా కొట్టమని నువ్వు చెప్పలేదా అని అడిగారు. అబద్ధం చెప్పే ధైర్యమూ లేదు అతనికి, నిజం చెప్పే ధైర్యమూ లేదు. "నేను కర్ర పనివాణ్ణి దొరా. దిమ్మె సర్దార్ చేతిలో ఉంది," అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. దుబాసీ ఇంగ్లీషులో చెప్పాడు, మేజిస్ట్రేటు రాసుకున్నాడు. రామ్ చంద్రకు సర్దార్ పని ఊడింది, జైలు పడింది. జైల్లో ఉన్న కాలమంతా గిర్మిట్‌కు కలిపి పొడిగించారు. తీసుకుపోయే ముందు అతను మునియ్య దగ్గరికి వచ్చి, "దానికి పన్నెండో రోజు చెయ్యాల బావా. నేను ఉండను. నువ్వే చెయ్యి," అని చెప్పి వెళ్లాడు.

మునియ్య చేశాడు. పిండం పెట్టాడు. కాకులు లేని దేశం, మైనా పిట్టలు వచ్చి తిన్నాయి. అందరూ మంచి శకునమన్నారు. అతనికి మాత్రం అక్కడే వాగులో పడి చావాలనిపించింది. ద్రౌపది పసుపు డబ్బా అతని గదిలోనే ఉండిపోయింది. దాని పక్కనే, మంచం కింద, కొట్టు నుంచి తెచ్చుకున్న ఇనుప పొన్నుల గోనె. గోనెను వాగులో పారేద్దామని చాలాసార్లు బయటికి ఈడ్చాడు, మళ్లీ లోపలికి ఈడ్చాడు. గుంజను నెట్టిన చేతులు గోనెను నెట్టలేకపోయాయి. జనం మాత్రం అతన్ని ఇంకా ఎక్కువ గౌరవించసాగారు. చెల్లెలు పోయినా పని మానని మనిషన్నారు. ఎదురుపడి దండం పెట్టేవారు. ఇంతకంటే చెప్పుతో కొడితే బాగుండునని అతనికి అనిపించేది.

మరుసటి ఎండాకాలం కొత్త వంతెనకు కర్రలు వచ్చాయి. ఈసారి గుంజలు దగ్గర దగ్గరగా, ఏటవాలు కర్రలతో సహా. పొన్నులు మాత్రం రాలేదు, పాతవి ఇక్కడే ఉండాలని ఎక్కడో లెక్క. మిస్త్రీ మునియ్యే. ఇంకెవరున్నారు? మోకు ముఠాలో మామూలు కూలీగా రామ్ చంద్ర ఉన్నాడు. జైలు నుంచి వచ్చి కొద్ది రోజులే అయింది. సగం మనిషయ్యాడు. అయినా మునియ్యను చూడగానే, "బాగుండావా బావా?" అని అతనే ముందు పలకరించాడు.

మొదటి గుంజ ఒడ్డున పడుకుని ఉంది. మునియ్య దాని పక్కన చాలాసేపు నిలబడ్డాడు. మొదలు కిందికి పెడితే ఎవరికీ ఏమీ తెలియదు, మళ్లీ ఎవరో ఒకరి పెళ్లాం చస్తుంది. కొన కిందికి పెడితే, కిందటిసారి ఇదే మోకు పట్టుకున్న ప్రతివాడికీ తెలిసిపోతుంది. ముందు రామ్ చంద్రకు తెలుస్తుంది. మునియ్య బాడిస తీసుకుని గుంజ కొనను మొనగా చెక్కాడు. గదికి వెళ్లి గోనెను ఈడ్చుకొచ్చాడు. తుప్పు పట్టిన పొన్నొకటి తీసి ఆ మొనకు తొడిగాడు. అచ్చంగా దానికే చేసినట్టు సరిపోయింది, దానికే చేశారు కాబట్టి.

గుంజను కొన కిందికి నిలబెట్టారు. ముఠాలో ఒకరిద్దరు, "తలకిందులా మిస్త్రీ?" అన్నారు. "ఊ," అన్నాడు. దిమ్మె పడింది. గుంజ జానెడు దిగింది. మళ్లీ పడింది, మళ్లీ దిగింది. కిందటిసారి ఆగిన చోటు దాటిపోయింది. ఇంకా దిగుతూనే ఉంది. "హైస్సా" అనే గొంతులు ఒకటొకటిగా తగ్గిపోయాయి. అందరి కళ్లూ గుంజ మీదే ఉన్నాయి. రామ్ చంద్ర మోకు వదిలేసి గోనె దగ్గరికి వచ్చాడు. ఒక పొన్ను తీసి చేతిలో తిప్పాడు. తుప్పు అరచేతికి అంటింది.

"ఇవి నేను మోసినవి."

"అవును," అన్నాడు మునియ్య.

"వేరే పనికి అన్నావు."

"అన్నాను. అబద్ధం. కొన కిందికి పెట్టమని కులంబర్ చెప్పినాడు. నేనే తిప్పినా. బండ లేదని కూడా నాకు తెలుసు."

ముఠా అంతా నిలబడి వింటోంది. ఒకడు మునియ్యను కొట్టడానికి ముందుకు వస్తే రామ్ చంద్రే చెయ్యి అడ్డం పెట్టాడు.

"జైల్లో రాళ్లు కొట్టేవాణ్ణి," అన్నాడు. "ఒక్కో రాయి కొట్టేప్పుడు, అప్పుడు ఇంకొక్క దెబ్బ కొట్టుంటే ద్రౌపది ఉండేది కదా అనుకునేవాణ్ణి. నేనే దాన్ని చంపినా అనుకున్నా. ఒక్క రోజూ నిద్ర పట్టలేదు."

"నువ్వు ఎన్ని దెబ్బలు కొట్టినా దిగేది కాదు," అన్నాడు మునియ్య. ఆ వాగు ఒడ్డున అతను ఇవ్వగలిగిన ఊరట అదొక్కటే. వంగి కాళ్లు పట్టుకోబోయాడు. పెళ్లినాడు కడిగిన కాళ్లు. రామ్ చంద్ర పాదాలు వెనక్కి తీసుకున్నాడు. పొన్నును గోనెలో వేసి, వెళ్లి మోకు అందుకున్నాడు. "లాగండి," అన్నాడు ముఠాతో.

మునియ్య ఆ మధ్యాహ్నమే కులంబర్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాడు. జైలుకు పంపినా సరేనన్నాడు. కులంబర్ విన్నాడు, చుట్టూ చూశాడు. అది మళ్లీ కదిపితే గుర్రపుసాల కర్రల దగ్గరికి వస్తుందని ఆ మనిషికి తెలియదా? విచారణ అయిపోయింది, పోయి పని చూసుకోమన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే ఆ ఆకులు కూడా ఇవ్వలేదు. మునియ్యను మళ్లీ చెరకులోకి కూడా పంపలేదు. ఏ హోదా పోతుందని నోరు మూసుకున్నాడో అది అతన్ని వదలకుండా పట్టుకుంది.

వంతెన పూర్తయింది. గుంజలకు బొట్టు పెట్టడానికి ఆడవాళ్లెవరూ రాలేదు. ద్రౌపది డబ్బాలో మిగిలిన పసుపు మునియ్యే తెచ్చాడు గానీ పెట్టడానికి చెయ్యి రాలేదు. అలాగే తిరిగి తీసుకుపోయాడు. ఇంజను మొదటిసారి దాటుతున్నప్పుడు అతను వంతెన కిందికి దిగి నీళ్లలో నిలబడ్డాడు. కూలితే ముందు తన మీదే కూలాలని. ఎవరూ అతన్ని పైకి రమ్మనలేదు, అక్కడ ఉండవద్దనీ అనలేదు.

ఆ ఏడు వచ్చిన వరద అంతకు ముందు ఎవరూ చూడనిది. ఫిజీ పల్లెల్లో ఇళ్లు కొట్టుకుపోయాయి. లైన్లలోకి నీళ్లు వచ్చాయి. వాన వెలిసిన పొద్దున జనమంతా వాగు ఒడ్డుకు పరుగెత్తారు. చెట్లు, దూడలు, చెరకు, అన్నీ ఎర్రటి నీళ్లలో పోతున్నాయి. వంతెన అలాగే ఉంది. ఒక్క గుంజ ఒరగలేదు. జనం చేతులెత్తి దండం పెట్టారు, సంతోషంతో ఒకరినొకరు పట్టుకున్నారు.

మునియ్య వెనకాల నిలబడి ఉన్నాడు. వంతెన నిలబడాలని మొక్కుకున్నవాడే. నిలబడ్డ వంతెన వైపు ఇప్పుడు కళ్లెత్తలేకపోతున్నాడు. కిందటిసారి కూడా ఇలాగే నిలబడేది కదా అని ఆ గుంజలన్నీ అంటున్నట్టే ఉంది. పక్కన ఎవరో వచ్చి ఆగారు. చూడకుండానే తెలిసింది, రామ్ చంద్ర.

మునియ్య 'బావా' అన్న ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాడు. అది వినే అర్హత లేదని తెలిసి కూడా ఎదురుచూశాడు.

"నిలబడింది, మిస్త్రీ," అన్నాడు రామ్ చంద్ర. అని, జనంలోకి వెళ్లిపోయాడు.